ఆరువందల పన్నెండు చూశానులు

1979 మార్చి నెల ఆఖరి శుక్రవారం నాడు పుణ్యవతి వేసుకున్న పథకంలో ఒక్క కుట్టు కూడా వదులుగా లేదు. ఐదున్నరకు లేవడం, పాలు కాచడం, రాజీని లేపి మొహం కడగడం, పక్క వాటాలో ఉండే ఇంటి యజమానురాలు చంద్రమ్మకు పిల్లను అప్పజెప్పడం, ఎనిమిదీ ఇరవైకి లింగంపల్లి స్టేషను ముందు ఆఫీసు బస్సెక్కడం. తొమ్మిదిన్నరకు సర్క్యులరు టైపు చేయడం. పన్నెండింటికి ఢిల్లీ కమిటీ రావడం, చూడటం, మెచ్చుకోవడం. సాయంత్రంలోగా ఉద్యోగం పర్మినెంటు కావడం. ఐదింటికి ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకుని వీధంతా తిప్పడం.

భర్త ఆరింటికే ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్ళిపోయాడు. అంతవరకూ అంతా పథకం ప్రకారమే జరిగింది. పిల్లను చంకనేసుకుని పక్క వాటా గుమ్మంలోకి అడుగుపెట్టిన పుణ్యవతి రెండో అడుగు వేయలేదు. అరుగంతా చింతపండు. చంద్రమ్మ రోకలిబండ పక్కన పెట్టుకుని, కొట్టిన కాయల్లోంచి గింజలు తీసి చేటలో పోస్తోంది.

"పిన్నిగారూ, ఈ చింతపండు ఈరోజే కొట్టాలాండీ?"

"ఇయ్యాల గాకుంటే ఎప్పుడు కొట్టాలె? ఎండ మంచిగున్నది. యాడాదంత పులుసుకు నువ్వు పోస్తవా?"

"అది కాదండీ, గింజలు... ఇది ఏది కనబడితే అది ముక్కులో పెట్టుకుంటుంది. మొన్న శనగబద్ద పెట్టుకుంటే నా ప్రాణం పోయినంత పనైంది."

"నల్గురిని పెంచిన నేను. ఇంత ముక్కు సూసుకోలేనా? ఇడ్లీలు ఆడ పెట్టు, పిల్లను ఈడ పెట్టు, నువ్వు పో. బస్సు పోతది."

"ఏదన్నా అయితే కిరాణా కొట్టు నుంచి ఫోను చెయ్యండి. మా ఆఫీసు నంబరు తలుపు మీద సుద్దముక్కతో రాశాను. పెద్దంకెలే వేశాను."

"ఏం గాదే పిల్లా! నువ్వు ఫికర్ చేస్తుంటే నాకు పరేషాన్ అయితది. పో ఇగ!"

రాజీ అసలు పేరు రాజరాజేశ్వరి. రెండేళ్ళ మనిషి. అంత పేరునూ మోస్తూ చేట వైపు నడుస్తున్న కూతుర్ని వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ పుణ్యవతి బస్సెక్కింది.

ఆఫీసు రాయదుర్గం మిట్టల్లో ఉంది. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు ఏనుగులంత బండరాళ్ళు నిలబడి ఉండేవి. వాటి నడుమ ఒక పరిశోధన సంస్థ, దానికో గేటు, గేటు నుంచి అరమైలు లోపల రెండంతస్తుల భవనం, ఆ భవనంలో చల్లటి గది. గదిలో పోయిన దీపావళికి విదేశం నుంచి ఆరు చెక్కపెట్టెల్లో వచ్చిన కంప్యూటరు ఉంది. దాని దగ్గరికి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పాల్సిందే. ఆ ఒక్క మెషీన్‌కు పన్నెండు గదుల్లోకి తీగలు లాగారు. తీగ చివర కొన్ని గదుల్లో టీవీ లాంటి తెర, కొన్ని గదుల్లో తెరకు బదులు కాగితపు చుట్ట, వాటి కింద టైపు మెషీన్‌కు ఉండే అక్షరాలే ఉన్నాయి.

ఆ మెషీన్ ఉత్తరాలు కూడా మోస్తుందని కంప్యూటరు ఇంజనీరు యజ్ఞనారాయణ చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. "మెయిల్ అని కొట్టండి. పక్కన మనిషి పేరు కొట్టండి. ఉత్తరం రాయండి. ఆఖరి వరుసలో ఒంటరిగా ఒక్క చుక్క పెట్టండి. వెళ్ళిపోతుంది," అన్నాడతను. పుణ్యవతి గేటు దగ్గర టెలిఫోను చూసే బుచ్చమ్మకు "బాగున్నారా" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చుక్క పెట్టింది. కళ్ళు మూసి తెరిచేలోగా అరమైలు అవతల నుంచి "బాగనే ఉన్న, నువ్వు?" అని జవాబు తెర మీదకొచ్చింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ పుణ్యవతి ఆ సంగతి భర్తకు మూడుసార్లు చెప్పింది.

ఆమె చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. కానీ గుడివాడలో టైపు నేర్చుకుని లోయరు పరీక్ష పాసైంది. డిగ్రీలున్నవాళ్ళు రెండు వేళ్ళతో అక్షరాలు వెతుక్కుంటుంటే, ఆమె కిటికీలోంచి బండరాళ్ళను చూస్తూ టకటకా కొట్టేసేది. ఉత్తరం చదివాక 'డి' కొడితే అది పోతుందనీ, 'క్యూ' కొట్టి బయటికొస్తే గాని నిజంగా పోదనీ ఆ ఆఫీసులో కాగితం చూడకుండా చెప్పగలిగింది ఆమె ఒక్కతే. ఆరు నెలల టెంపరరీ ఉద్యోగం రేపటితో అయిపోతుంది. అక్కడ టెంపరరీకీ పర్మినెంటుకూ తేడా ఒక్కదానిలో కనిపించేది. తప్పు చేస్తే పర్మినెంటు వాళ్ళకు మెమో ఇస్తారు. టెంపరరీ వాళ్ళకు మెమో ఇవ్వడానికి రూలు లేదు. "రేపట్నించి రావద్దు" అంటారు, అంతే. మెమో వచ్చిందని ఎవరైనా ఏడుస్తుంటే పుణ్యవతికి లోలోపల కాస్త అసూయ కలిగేది.

పరిపాలనాధికారి వెంకటరామయ్య ఆమె కోసం గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు.

వెంకటరామయ్యకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైనది ఎర్రట్ట పుస్తకం. సర్క్యులరు కాగితం అందులో అంటించి, అటెండరు వీరేశం చేతికిస్తే, అతను సైకిలు మీద భవనం నుంచి గేటు దాకా, గేటు నుంచి స్టోర్సు దాకా తిరిగి, ముప్పై ఎనిమిది మంది చేత 'చూశాను' అని రాయించి సంతకాలు పెట్టించుకొచ్చేవాడు. దానికి రెండు రోజులు పట్టేది. ప్రతి బల్ల దగ్గరా ఒక చాయ తాగి గాని కదలకపోవడమే దానికి కారణం.

"ఇవాళ్టితో ఆ పుస్తకానికి సెలవమ్మా!" అన్నాడు వెంకటరామయ్య చేతులు రుద్దుకుంటూ. "కమిటీ వచ్చేసరికి ఆఫీసు మొత్తం మెషీన్ మీద నడుస్తూ కనబడాలి. లేకపోతే ఈ మెషీన్ పట్టుకుపోయి ఇంకెవరికో ఇస్తారట. ఊ, టైపు చెయ్యి."

పుణ్యవతి మెయిల్ అని కొట్టింది. ముప్పై ఎనిమిది మందికీ ఒకేసారి వెళ్ళాలంటే 'అందరు' అని కొడితే చాలునని యజ్ఞనారాయణ ఏర్పాటు చేసి పెట్టాడు. ఆమె అది కొట్టింది. వెంకటరామయ్య కళ్ళు మూసుకుని చెప్పసాగాడు.

"యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఆఫీసు వర్తమానములన్నియు మెషీన్ ద్వారానే నడుచును. నోటిమాటగా గాని, కాగితముపై గాని ఏ కబురూ చేరవేయరాదు. మెషీన్‌లో వచ్చిన ప్రతి ఉత్తరమును చదివినవారు 'చూశాను' అని అందరికీ జవాబు రాయవలెను. రాయనివారి సంజాయిషీ కోరబడును."

పుణ్యవతి వేళ్ళు చివరి వరుస దగ్గర ఆగాయి.

"సార్, ప్రతి ఉత్తరానికీ అంటే... ఈ 'చూశాను' అని రాస్తారు కదండీ, అదీ ఉత్తరమే కదండీ. దానికి కూడానా?"

"ప్రతి అంటే ప్రతి! ఎవరు చూశారో ఎవరు చూడలేదో అందరికీ తెలియాలి. అదే కదా ఎర్ర పుస్తకం గొప్ప."

"అంటే సార్, దాన్ని చూసినవాళ్ళు మళ్ళీ..."

"నువ్వు టైపిస్టువా, ఆఫీసరువా?"

పుణ్యవతి గబుక్కున చుక్క పెట్టేసింది. సర్క్యులరు వెళ్ళిపోయింది. అప్పుడు గోడ గడియారం తొమ్మిదీ ముప్పై ఐదు చూపిస్తోంది.

తొమ్మిదీ నలభై ఒకటికి మొదటి 'చూశాను' వచ్చింది. స్టోర్సులో పనిచేసే బాలనర్సయ్య రాశాడు. వెంకటరామయ్య ఆనందంతో కేక పెట్టాడు. తర్వాత రెండోది, నాలుగోది, పదకొండోది వచ్చాయి. ఆయన గదిలో కాగితపు చుట్ట గడగడలాడుతూ 'చూశాను'లు అచ్చొత్తి కింద పడేస్తుంటే, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంతమంది ఇంత తొందరగా చూడటం ఎన్నడూ ఎరగనంటూ అటూ ఇటూ తిరిగాడు. డైరెక్టరు గారికి ఫోను చేశాడు. ఫోనంటే నోటిమాటే గదా అని గుర్తొచ్చి మధ్యలో పెట్టేశాడు.

పది గంటలకల్లా బాలనర్సయ్య 'చూశాను'ను చూసినవాళ్ళ 'చూశాను'లు మొదలయ్యాయి. సంజాయిషీ అంటే ఎవరికి భయముండదు? పన్నెండు మెషీన్ల ముందూ రేషను షాపు ముందున్నట్టు వరసలు కట్టారు. ఒక చూశాను కొట్టి లేచేలోగా మూడు చూశానులు వచ్చి కూర్చునేవి. వాటిని చూడకుండా లేస్తే తప్పు, చూస్తే రాయాలి, రాస్తే అవతలివాళ్ళు చూడాలి.

ఈ లోపల హెడ్డు గుమాస్తా లింగమూర్తికి కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా ఎర్ర పుస్తకంలో మొదటి 'చూశాను' ఆయనదే. సీనియారిటీ వరస దాటి పైన సంతకం పెట్టడం ఆ ఆఫీసులో పెద్దల మీద కాలుపెట్టినంత తప్పు. ఆయన అందరికీ రాశాడు: "బాలనర్సయ్య నాకంటే పంతొమ్మిదేళ్ళు జూనియరు. అతని చూశాను చెల్లదు. వెనక్కి తీసుకోవలెను."

బాలనర్సయ్య కూడా అందరికీ రాశాడు: "నేను ముందుగాల చూసిన, ముందుగాల రాసిన. కండ్లకు సీనియారిటీ ఏంది?"

ఆ రెండు ఉత్తరాలకూ 'చూశాను'లు పడ్డాయి. మధ్యలో ఎవరో "రెండూ చూశాను గాని నేను ఏ పక్షమూ కాదు" అని రాశారు. దానికీ పడ్డాయి. ఇంకెవరో "చూసీ చూసీ తల తిరుగుతోంది, పూట సెలవు ఇప్పించగలరు" అని రాశారు. ఆ మనిషి సెలవు ఎవరూ మంజూరు చేయలేదు గాని అందరూ చూశారు. ఏదైనా చదవడం మాత్రం అందరూ మానేశారు. చదివే తీరిక ఎక్కడ?

పుణ్యవతికి మొదట్లో ఇదంతా పండగలా అనిపించింది. వేళ్ళు పరుగెత్తుతున్నాయి, తెర వెలుగుతోంది, పేర్ల మీద పేర్లు వస్తున్నాయి. పైన వచ్చి పడుతున్నవాటికే అరవై డెబ్బై దాకా జవాబులు రాసింది, అడుగున ఏముందో చూడలేదు. పదకొండు దాటాక మాత్రం తెర మీద అక్షరాలు నత్తల్లా పాకడం మొదలుపెట్టాయి. పదకొండున్నరకు అన్ని గదుల్లోనూ ఒకే మాట వచ్చి ఆగిపోయింది. స్థలం లేదు.

యజ్ఞనారాయణ చెప్పులు వేసుకోవడం కూడా మరిచి చల్లటి గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏం జరుగుతోందండీ ఇక్కడ? లోపలి డిస్కు నిండిపోయింది! ఆరువందల పన్నెండు ఉత్తరాలు! ఒక్కోటీ ముప్పై ఎనిమిది పెట్టెల్లో కూర్చుంది!"

వెంకటరామయ్య గర్వంగా సర్క్యులరు చూపించాడు. యజ్ఞనారాయణ అది చదివి, జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి దాని వెనక లెక్క వేశాడు. "సార్, ఒక్క సర్క్యులరుకు ముప్పై ఎనిమిది చూశానులు. వాటిని అందరూ చూస్తే పద్నాలుగు వందల నలభై నాలుగు. వాటినీ చూస్తే యాభై నాలుగు వేల ఎనిమిది వందల డెబ్బై రెండు. ఆ తర్వాతది ఈ పెట్టె మీద పట్టదు సార్. అదృష్టవశాత్తూ మనవాళ్ళు రెండు వేళ్ళతో కొడతారు కాబట్టి ఇంతటితో ఆగింది."

కమిటీ రావడానికి అరగంట ఉంది.

"చెరిపెయ్యి! అన్నీ చెరిపెయ్యి!" అన్నాడు వెంకటరామయ్య. మరుక్షణమే తన మాటకు తనే అదిరిపడ్డాడు. "అయ్యో, వద్దు! ఆఫీసు రికార్డు! రికార్డు చెరపాలంటే డైరెక్టరు గారి అనుమతి కావాలి. అది కాగితం మీద అడగకూడదు. మెషీన్‌లో అడగాలి."

"మెషీన్‌లో స్థలం లేదు సార్."

వెంకటరామయ్య చుట్టూ చూశాడు. ఎదురుగా పుణ్యవతి కనబడింది. "ఏమమ్మాయ్, అంత తెలిసినదానివి, అప్పుడే గట్టిగా చెప్పొద్దూ? సాయంత్రం నీ సంగతి తేలుస్తాను!"

టెంపరరీ మనిషి సంగతి ఎలా తేలుస్తారో పుణ్యవతికి తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వచ్చింది. అక్కడ స్తంభానికి ఆనుకుని వీరేశం కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఎప్పుడూ ఖాళీగా లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"పుణ్యవతమ్మా, ఒక ముచ్చట చెప్పాలె. చెప్తె నా నౌకరి పోతదో ఏమో."

"నా నౌకరీ ఎలాగూ పోయింది. చెప్పు."

"నోటితోటి చెప్పొద్దని సర్క్యులర్ల ఉన్నదాయె. పొద్దటిసంది కడుపుల దాసుకున్న. జర ఎవ్వరికి చెప్పకు. నీకు లింగంపల్లి నుంచి ఫోనొచ్చింది."

"ఎప్పుడు? ఏమని?"

"తొమ్మిదిన్నర దాటినంక. ఎవరో చంద్రమ్మట. ఏమన్నదో నాకెట్ల ఎరుక? బుచ్చమ్మ నీకు మిషన్ల రాసిందట."

"బుచ్చమ్మ ఏదీ?"

"కమిటీ సారులకు దండలేయనీకె జీపుల పోయింది గద."

చింతగింజ. పుణ్యవతికి ఇంకేమీ కనిపించలేదు. చేట నిండా నల్లగా, నున్నగా మెరిసే చింతగింజలు, వాటి మధ్య చిన్న ముక్కు. ఉత్తరం వచ్చి రెండు గంటలైంది. అది ఆరువందల చూశానుల అడుగున ఉంది.

ఆమె లోపలికి పరుగెత్తి, తన కుర్చీలో ఉన్న మనిషిని లేవమని కూడా అనకుండా పక్కకు నెట్టి కూర్చుంది. ఆ మెషీన్‌లో ఉత్తరాలు కడిగి ఒకదానిమీద ఒకటి బోర్లించిన కంచాల్లా ఉంటాయి. ఆఖరున వచ్చింది పైన, మొదట వచ్చింది అడుగున. అడుగుది కావాలంటే పైవన్నీ తీయాల్సిందే. అన్నిటికంటే పైనున్న చూశాను వచ్చింది. డి కొట్టింది. ఇంకో చూశాను. డి. లింగమూర్తి చూశాను. డి. డి. డి. డి.

"ఏం చేస్తున్నావ్?" వెంకటరామయ్య కేక వేశాడు. "ఆపు! అది రికార్డు!"

"మా పాప ముక్కులో గింజ ఉందండీ!"

"ఏమిటీ?"

"మీ రికార్డు నాకొద్దండీ! రేపట్నించి రావద్దంటే రాను. ఇవాళ మాత్రం నన్ను ఆపకండి!"

గొంతు పెగలని మనిషి అంత మాట అనేసరికి వెంకటరామయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. యజ్ఞనారాయణ మాత్రం ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. డి, డి, డి. అతని మొహం వెలిగింది.

"సార్! ఆవిడ పెట్టె ఒక్కటి ఖాళీ అయినా చాలు, మెషీన్‌కు ఊపిరాడుతుంది. కమిటీకి చూపించడానికి ఉత్తరం ఒక్కటి వెళ్తే సరిపోతుంది గదా! కానీ ఖాళీ కాగానే తక్కిన పదకొండు గదుల వాళ్ళూ చూశాను కొడతారు. మళ్ళీ నిండిపోతుంది. వాళ్ళను ఆపాలి."

"ఎలా ఆపుతావయ్యా? మెషీన్ పనిచెయ్యదు, నోటితో చెప్పకూడదు..."

పుణ్యవతి తెర మీంచి కళ్ళు తిప్పకుండా, వేళ్ళు ఆపకుండా అంది: "ఎర్ర పుస్తకం పంపండి సార్."

వెంకటరామయ్య సర్క్యులరు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు, బీరువా తాళం తీశాడు. "మెషీన్‌లో ఎవరూ ఏమీ రాయవద్దు" అని ఒక కాగితం మీద రాసి, పుస్తకంలో అంటించి, వరండాలోకి తనే నడిచి వెళ్ళి వీరేశం చేతుల్లో పెట్టాడు.

వీరేశం లేచి నిలబడ్డాడు. పుస్తకం చంకలో పెట్టుకుని, పంచె ఎగ్గట్టి సైకిలెక్కాడు. "చాయ వద్దు, సంతకం పెట్టుండ్రి! చాయ వద్దు, సంతకం!" అని అతను అరుస్తున్న అరుపు రాళ్ళలో మారుమోగింది. రెండు రోజుల పని ఆవేళ పద్నాలుగు నిమిషాల్లో అయింది. జీపులో పోయిన బుచ్చమ్మా, కుర్చీలోంచి లేవని పుణ్యవతీ తప్ప తక్కిన ముప్పై ఆరుగురి 'చూశాను'లు పడ్డాయి. మొదటిది లింగమూర్తిది. దాంతో ఆయన కోపం కూడా చల్లారింది.

పుణ్యవతి ఇంకా కొడుతూనే ఉంది. కింద జీపు ఆగిన చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించాయి. గుమ్మంలో డైరెక్టరు గారు, ఆయన పక్కన మెడలో బంతిపూల దండతో ఢిల్లీ కమిటీ పెద్దాయన, వెనక ఇంకా ఇద్దరు, వాళ్ళ వెనక బుచ్చమ్మ. పుణ్యవతి ఎవరినీ చూడలేదు. డి. డి. బాలనర్సయ్య మొదటి చూశాను. డి.

ఆ కింద బుచ్చమ్మ ఉత్తరం కనబడింది.

"పుణ్యవతికి. చంద్రమ్మ ఫోను. చింతగింజలన్నీ మూట గట్టి అటక మీద పెట్టిన. పిల్ల రెండు ఇడ్లీలు తిన్నది, పండుకున్నది. ముక్కు రెండు దిక్కుల టార్చి ఏసి చూసిన, ఏం లేదు. ఫికర్ చెయ్యకు అని చెప్పుమన్నది."

పుణ్యవతి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. తర్వాత బల్ల మీద తల పెట్టి పగలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే క్యూ కొట్టింది. తెర ఒక్కసారి రెప్పవేసినట్టు ఆరి వెలిగింది. యజ్ఞనారాయణ గాలి పీల్చుకున్న చప్పుడు గదంతా వినిపించింది.

"ఏమైంది ఈ అమ్మాయికి?" ఢిల్లీ పెద్దాయన ఇంగ్లీషులో అడిగాడు.

యజ్ఞనారాయణ అందుకున్నాడు. "ఆమె కూతురు లింగంపల్లిలో ఉందండి. ఒంట్లో బాగుందో లేదోనని కంగారు పడుతోంది. ఫోను గేటుకు వస్తుంది, గేటు అరమైలు దూరం. అక్కడి నుంచి కబురు ఈ మెషీన్‌లో వచ్చింది, పాప క్షేమమని."

పెద్దాయన వంగి తెరను చూశాడు. అక్షరాలు తెలిసినవే, భాష తెలియదు. అయినా చాలాసేపు చూశాడు. "నాకూ ఒక ఉత్తరం పంపమనండి," అని పక్క గదిలోకి వెళ్ళి కాగితపు చుట్ట ముందు నిలబడ్డాడు. పుణ్యవతి పైటతో కళ్ళు తుడుచుకుంది. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనిషికి ఏం రాయాలో తోచలేదు. ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగేదే కొట్టి, చుక్క పెట్టింది. పక్క గదిలో చుట్ట గడగడలాడింది.

"దీని అర్థమేమిటి?"

"భోజనం చేశారా అని అడుగుతోందండి."

పెద్దాయన దండ కదిలేలా నవ్వాడు. "ఇంకా లేదని రాయండి. అన్నట్టు, ఈ ఉదయం నుంచి ఈ మెషీన్‌లో మొత్తం ఎన్ని ఉత్తరాలు నడిచాయి?"

యజ్ఞనారాయణ నేల చూస్తూ చెప్పాడు. "ఆరువందల పదమూడు సార్. మీదానితో కలిపి."

"ఒక్క పూటలోనా?" పెద్దాయన తనతో వచ్చినవాళ్ళ వైపు తిరిగాడు. "ఇలాంటి మెషీన్ ఇచ్చిన ఇంకో చోట నెలకు పదకొండు ఉత్తరాలు రాశారు. అందులో తొమ్మిది, ఇది ఎలా వాడాలి అని అడుగుతూ రాసినవి!" ఆయన వెంకటరామయ్య చేయి పట్టుకుని ఊపాడు. "సిబ్బందికి ఇంత ఉత్సాహం ఎలా తెప్పించారు? వీళ్ళకు ఈ డిస్కు చాలదు. ఇంకా పెద్దది పంపించాలి."

"అంతా ఒక చిన్న సర్క్యులరు సార్," అన్నాడు వెంకటరామయ్య వినయంగా.

కమిటీ భోజనానికి వెళ్ళింది. అందరూ సంతోషంగా ఉన్నారు. పుణ్యవతితో మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. సాయంత్రం తేలుస్తానన్న సంగతి ఆమెకు గుర్తుంది. నాలుగు కాగానే బల్ల సొరుగు ఖాళీ చేసుకుంది. దువ్వెన, టైపు రిబ్బను మరకలు తుడుచుకునే గుడ్డ, రాజీకి కొనిపెట్టిన బొంగరం సంచిలో వేసుకుంది. నాలుగూ నలభైకి వీరేశం ఎర్ర పుస్తకం, ఒక కవరు పట్టుకుని వచ్చాడు.

"వెంకటరామయ్య సారు ఇచ్చిండు. సంతకం పెట్టి తీస్కొమ్మన్నడు."

పుణ్యవతి కవరు చింపింది.

"మెమో. మీ ఉద్యోగమును పర్మినెంటు చేయుచు ఈ ఉదయం 11-05 గంటలకు మెషీన్ ద్వారా జారీ అయిన ఆర్డరుకు, తక్కిన ముప్పై ఏడుగురు సిబ్బందియు 'చూశాను' అని రాసియున్నారు. మీరు ఇంతవరకు రాయలేదు. కారణమేమో మూడు రోజులలో సంజాయిషీ ఇచ్చుకోవలెను."

ఆమె మళ్ళీ చదివింది. ఎవరి ఆర్డరు వాళ్ళు టైపు చేయకూడదన్న రూలు ప్రకారం దాన్ని లింగమూర్తి చేత కొట్టించారన్న మాట. సీనియారిటీ గొడవలో ఉన్న ఆయన తను ఏం కొడుతున్నాడో కూడా గమనించలేదు. అందరికీ పంపితే ముప్పై ఏడు మందీ చూశాను కొట్టారు. ఒక్కరూ వచ్చి శుభాకాంక్షలు చెప్పలేదంటే, ఒక్కరూ చదవలేదు. ఆమె మాత్రం తన ఆర్డరును తన చేత్తోనే, డి కొట్టి, చింతగింజల కంగారులో చెరిపేసుకుంది.

"ఏందమ్మా, గట్ల నవ్వుతున్నవ్? మెమో తీస్కొని నవ్వినోళ్ళను నేను ఇంతవరకు చూడలే."

"మెమో, వీరేశం! నాకు మెమో ఇచ్చారు! నాకు!"

"ఇస్తె ఇచ్చిండ్రు గని, జల్ది సంతకం పెట్టు. నీ బస్సు పోతది."

పుణ్యవతి కలం తీసుకుని, మెమోను మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా మరొక్కసారి చదువుకుని, ఎర్ర పుస్తకంలో తన పేరు ఎదురుగా 'చూశాను' అని రాసింది.

ఆ రోజు ఆ ఆఫీసులో చదివి రాసిన చూశాను అదొక్కటే.